మీ ప్రశ్నలకు జవాబులు: తుపాకీ తెచ్చిన స్థిరత్వం ఎంతకాలం?

నైజర్ దేశంలో 2023 జూలై 26న అధ్యక్షుడి అంగరక్షక దళమే అధ్యక్షుణ్ణి ఎందుకు నిర్బంధించిందని ఒక పాఠకుడు అడిగితే, గత సంచికలో నాలుగు వాక్యాల్లో జవాబు రాశాను. ఆ నాలుగు వాక్యాలు చాలలేదని, సైనిక తిరుగుబాటు జరిగిన దేశంలో ఆ తర్వాత రాజకీయాలు ఏమవుతాయో వివరంగా చెప్పమని జంట నగరాల నుంచి, జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఒకే విషయం అడిగిన వారి ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: సైన్యం అధికారం చేపట్టిన ప్రతిచోటా "దేశం అస్థిరంగా ఉంది, అందుకే తప్పలేదు" అన్న మాటే వినిపిస్తుంది. నాయకులు పదవుల కోసం కొట్టుకుంటుంటే, సైన్యం వచ్చి నాలుగేళ్లు దారిలో పెడితే నష్టమేమిటని ఉదయం నడకకు వచ్చే మా మిత్రులు వాదిస్తుంటారు. సైనిక పాలన వల్ల నిజంగా స్థిరత్వం వచ్చిన దాఖలా ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

జవాబు: మాస్టారూ, మీ మిత్రుల వాదనను కొట్టిపారేయను. మొదటి రెండు మూడేళ్లు చూస్తే అది నిజమేననిపిస్తుంది. పాకిస్తాన్ సంగతే తీసుకోండి. 1947 నుంచి 1958 వరకు పదకొండేళ్లలో అక్కడ ఏడుగురు ప్రధానమంత్రులు మారారు. వారిలో మొదటివారైన లియాఖత్ అలీ ఖాన్ 1951 అక్టోబరులో రావల్పిండి బహిరంగ సభలో తుపాకీ గుళ్లకు బలయ్యారు. మరొకరు పదవిలో ఉన్నది రెండు నెలలే. రాజ్యాంగం రాసుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. కాబట్టి 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా ఆ రాజ్యాంగాన్ని రద్దుచేసి మార్షల్ లా (సైనిక పాలన) విధించినప్పుడు, దాని కోసం ప్రాణాలొడ్డడానికి జనం ముందుకు రాలేదు. అయితే సరిగ్గా ఇరవై రోజులు గడిచాయో లేదో, మార్షల్ లా అమలుకు మీర్జా స్వయంగా నియమించిన సైన్యాధిపతి ఆయూబ్ ఖాన్ ఆయననే గద్దె దించి విదేశానికి పంపేశారు. చట్టాన్ని పక్కకు నెట్టిన అధ్యక్షుడు, తన వంతు వచ్చేసరికి ఏ చట్టాన్ని అడ్డుపెట్టుకోగలడు?

ఆ తర్వాతి పదేళ్లను చాలామంది స్థిరత్వానికి ఉదాహరణగా చూపుతారు. ఆయూబ్ 1962లో తనకు కావలసిన రాజ్యాంగం తానే రాయించుకున్నారు. అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా కాకుండా ఎనభై వేల మంది స్థానిక ప్రతినిధులు ఎన్నుకునే ఏర్పాటు చేసుకున్నారు. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది. 1969 మార్చిలో ఆందోళనలు చెయ్యి దాటిపోయి ఆయన దిగిపోవలసి వచ్చినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. ఆయన రాయించుకున్న రాజ్యాంగం ప్రకారమే అధికారం జాతీయ అసెంబ్లీ స్పీకర్‌కు వెళ్లాలి. ఆ స్పీకర్ తూర్పు బెంగాల్‌కు (అప్పటి తూర్పు పాకిస్తాన్, నేటి బంగ్లాదేశ్) చెందినవారు. ఆయూబ్ ఆయనకు ఇవ్వకుండా సైన్యాధిపతి యాహ్యా ఖాన్‌ను పిలిచి అప్పగించారు. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు బెంగాల్‌లోని 162 సాధారణ స్థానాలకు 160 గెలిచి, మొత్తం సభలోనే మెజారిటీ సంపాదించిన అవామీ లీగ్ పార్టీకి యాహ్యా అధికారం ఇవ్వలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం జనం మీద పడింది. డిసెంబరు 16కల్లా దేశం రెండు ముక్కలైంది. పదమూడేళ్ల సైనిక పాలన కాపాడిన స్థిరత్వం అక్కడ ఆగింది.

స్థిరత్వమనే మాటను మనం వాడే తీరులోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. వీధుల్లో ఊరేగింపులు లేకపోతే, పత్రికల్లో గొడవలు లేకపోతే దేశం స్థిరంగా ఉందనుకుంటాం. ఇప్పుడున్న పాలకుడు రేపు పోతే ఆ స్థానంలోకి ఎవరు వస్తారో, ఏ పద్ధతిలో వస్తారో సామాన్యుడికి ముందే తెలిసి ఉంటే దాన్ని నేను స్థిరత్వం అంటాను. ఫలానా తేదీలోగా ఎన్నికలు జరుగుతాయని, ఓడినవాడు ఇల్లు ఖాళీ చేస్తాడని మనకు తెలుసు. సైనిక తిరుగుబాటు మొట్టమొదట చెరిపేసేది ఈ తెలివిడినే. 1977 జూలై 5న పాకిస్తాన్‌లో అధికారం పట్టిన సైన్యాధిపతి జియా ఉల్ హక్ తొంభై రోజుల్లో ఎన్నికలు పెట్టి వెళ్లిపోతానన్నారు. తాను దించిన ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టోను 1979 ఏప్రిల్ 4న ఉరితీయించి, 1988 ఆగస్టు 17న విమాన ప్రమాదంలో మరణించేవరకు పదవిలోనే ఉన్నారు. అంత కఠినంగా పాలించిన వ్యక్తి తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఆ విమానం కూలిన సాయంత్రం ఎవరి దగ్గరా ఖచ్చితమైన జవాబు లేదు.

పైగా జనరల్ పోయినా ఆయన రాత పోదు. 1985లో జియా రాజ్యాంగంలో చేర్పించిన ఒక ఉపనిబంధన, జాతీయ అసెంబ్లీని రద్దుచేసే అధికారాన్ని అధ్యక్షుడి చేతిలో పెట్టింది. 1988, 1990, 1993, 1996 సంవత్సరాల్లో నాలుగుసార్లు ఎన్నికైన ప్రభుత్వాలను ఇంటికి పంపడానికి దాన్నే వాడారు. ఇప్పటివరకు పాకిస్తాన్‌లో ఒక్క ప్రధానమంత్రి కూడా అయిదేళ్ల పదవీకాలం పూర్తిచేయలేదు. చిలీలోనూ ఇంతే. 1973 సెప్టెంబరు 11న ఎన్నికైన అధ్యక్షుడు అయెందేను కూలదోసిన పినోచే, 1988 ప్రజాభిప్రాయ సేకరణలో ఓడి 1990లో అధ్యక్ష పదవి వదిలినా, 1998 దాకా సైన్యాధిపతిగా కొనసాగారు. ఆయన రాజ్యాంగం సృష్టించిన, ఎన్నిక లేకుండా నియమించే సెనేటర్ల పదవులు పోవడానికి 2005 వరకు ఆగవలసి వచ్చింది. కాబట్టి నాలుగేళ్లు దారిలో పెట్టి వెళ్తారన్న మీ మిత్రుల లెక్కలో, వెళ్లిన తర్వాత పట్టే ఏళ్లను కూడా కలపమని చెప్పండి.

ప్రశ్న: లక్షల మంది ఉన్న సైన్యంలో కొన్ని వందల మంది కదిలితే ప్రభుత్వం ఎలా పడిపోతుంది? మిగతా సైన్యం ఏం చేస్తుంటుంది?
– డిగ్రీ విద్యార్థిని, కోఠి

జవాబు: మిగతా సైన్యం ఎదురుచూస్తుంటుందమ్మా. తిరుగుబాటు రాత్రి ప్రతి అధికారి మనసులోనూ ఉండే ప్రశ్న ఒక్కటే: పక్క రెజిమెంటువాడు ఎటువైపు? గెలిచేవారి పక్కన లేకపోతే ఉరికంబం, ఉంటే పదోన్నతి. అందుకే కుట్రదారులు ఆయుధాగారం కంటే ముందు రేడియో, టీవీ కేంద్రాల మీద పడతారు. అంతా అయిపోయింది, ఇక మేమే ప్రభుత్వం అన్న నమ్మకాన్ని పుట్టించగలిగితే, ఎదురుచూస్తున్నవారందరూ ఆ పక్కకు ఒరుగుతారు. 1999 అక్టోబరు 12 సాయంత్రం ఇస్లామాబాద్ టీవీ కేంద్రం గేటును సైనికులు ఎక్కి దూకుతున్న దృశ్యాన్ని నా తరం వారంతా చూశారు. ఆ సమయానికి పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్ కొలంబో నుంచి వస్తున్న ప్రయాణికుల విమానంలో, దిగడానికి అనుమతి లేక, గాలిలోనే ఉన్నారు. నాయకుడు నేల మీద లేకుండానే పని పూర్తయిందంటే, ఇంతకు ముందు జరిగిన తిరుగుబాట్లు ఎవరెవరు ఏం చేయాలో ఆ సైన్యానికి ఎంత బాగా నేర్పాయో ఆలోచించండి.

ఆ నమ్మకం పుట్టకుండా ఆపగలిగితే తిరుగుబాటు అక్కడికక్కడే చల్లబడుతుంది. 1981 ఫిబ్రవరి 23 సాయంత్రం స్పెయిన్ పార్లమెంటులో కొత్త ప్రధాని ఎన్నిక కోసం సభ్యుల పేర్లు పిలుస్తుండగా, లెఫ్టినెంట్ కల్నల్ తెహేరో సుమారు రెండు వందల మంది సివిల్ గార్డులతో (సాయుధ పోలీసులతో) లోపలికి వచ్చి పైకప్పులోకి కాల్పులు జరిపించాడు. సభ్యులు బెంచీల కిందికి దూరారు. దిగిపోతున్న ప్రధాని సువారెస్, ఉపప్రధానిగా ఉన్న వృద్ధ జనరల్, కమ్యూనిస్టు నాయకుడు కరియో మాత్రం తలవంచకుండా ఉన్నారు. వలెన్సియా నగరంలో ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో రాజు సైనిక దుస్తుల్లో టీవీలో కనిపించి, రాజ్యాంగాన్ని బలవంతంగా ఆపే ఏ పనినీ సింహాసనం సహించదని చెప్పారు. ఎదురుచూస్తున్న అధికారులకు జవాబు దొరికింది. మర్నాటికి తెహేరో లొంగిపోయాడు. ఆ తూటాల గుర్తులను ఈనాటికీ పైకప్పులో అలాగే ఉంచారు.

విఫలమైతే మంచిదే కదా అనుకోవడానికి కూడా లేదు. 2016 జూలై 15న టర్కీలో జరిగిన ప్రయత్నాన్ని జనమే వీధుల్లోకి వచ్చి ఆపారు; అధ్యక్షుడు ఒక టీవీ వ్యాఖ్యాత చేతిలోని మొబైల్ ఫోన్ తెర నుంచి వారిని పిలిచారు. కానీ దాని తర్వాత రెండేళ్లపాటు అత్యవసర పరిస్థితి కొనసాగింది, లక్షకు పైగా ప్రభుత్వోద్యోగులు కొలువులు కోల్పోయారు. ఓడిన తిరుగుబాటు గెలిచిన పాలకుడికి అలాంటి అవకాశాన్ని కూడా ఇస్తుంది.

ప్రశ్న: దేశంలో న్యాయస్థానాలు ఉన్నాయి కదా. తిరుగుబాటు చట్టవిరుద్ధమని అవి ఎందుకు కొట్టివేయవు?
– న్యాయశాస్త్ర విద్యార్థి, బర్కత్‌పుర

జవాబు: మీరు అడిగిన ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా బాధిస్తున్నది. సైన్యం చేసిన నష్టానికి న్యాయస్థానం వేసిన ముద్ర తోడైతే ఆ నష్టం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాకిస్తాన్‌లో 1958 నాటి దోసో కేసు బలూచిస్తాన్‌లోని లోరాలాయ్ ప్రాంతపు హత్యకేసు. గిరిజన పెద్దల జిర్గా తీర్పు చెల్లుతుందా అన్నది వివాదం. దాన్ని తేల్చాలంటే రద్దయిన రాజ్యాంగం ఇచ్చిన హక్కులు ఇంకా ఉన్నాయా లేవా అన్నది తేల్చాలి. ప్రధాన న్యాయమూర్తి మునీర్ ఆస్ట్రియా న్యాయశాస్త్రవేత్త కెల్సెన్ సిద్ధాంతాన్ని తెచ్చి, విజయవంతమైన విప్లవం తన చట్టబద్ధతను తానే సృష్టించుకుంటుందని తీర్పు చెప్పారు. ఆ తీర్పు వెలువడిన తేదీ అక్టోబరు 27. మార్షల్ లా విధించిన మీర్జాను ఆయూబ్ దించిందీ అదే రోజు. విజయమే చట్టమైతే, మరో విజయం వచ్చి దాన్ని తుడిచిపెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆ ఒక్క రోజే చూపింది.

1972లో అస్మా జిలానీ కేసులో అదే సుప్రీంకోర్టు దోసో తీర్పును తప్పని తోసిపుచ్చి, యాహ్యా ఖాన్ అధికారాన్ని దోచుకున్నవాడని ప్రకటించింది. గొప్ప తీర్పే. కాని అప్పటికి యాహ్యా పదవిలో లేరు. తుపాకీ చేతిలో ఉన్న జియా ముందు 1977లో, ముషారఫ్ ముందు 2000లో ఆ కోర్టు మళ్లీ ఆవశ్యకతా సిద్ధాంతాన్ని ఆశ్రయించింది. అంటే పని చట్టవిరుద్ధమే అయినా పరిస్థితుల దృష్ట్యా తప్పనిసరి అయిందని చెప్పడం. ముషారఫ్‌కు మూడేళ్ల గడువు ఇచ్చి, రాజ్యాంగాన్ని సవరించే అధికారం కూడా ఇచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు ముషారఫ్ తెచ్చిన కొత్త ఉత్తర్వు కింద ప్రమాణం చేయమంటే నిరాకరించి ప్రధాన న్యాయమూర్తి, ఆయనతో మరికొందరు న్యాయమూర్తులు పదవులు వదులుకున్నారు. ఆ ప్రమాణం చేయనివారి పేర్లు కూడా మీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఫిజీలో ఉంది. 2000 మే 19న జార్జ్ స్పైట్ అనే వ్యాపారి సాయుధులతో పార్లమెంటులోకి చొరబడి, భారత సంతతికి చెందిన ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా ఉంచాడు. ఈలోగా సైన్యాధిపతి అధికారం చేతిలోకి తీసుకుని 1997 రాజ్యాంగం రద్దయిందని ప్రకటించారు. ఆ అల్లర్లలో ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చిన ఒక సామాన్య రైతు, నా రాజ్యాంగం ఇంకా బతికే ఉందని చెప్పమంటూ కోర్టుకెక్కాడు. నవంబరులో హైకోర్టు, 2001 మార్చి 1న అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పాయి. ప్రజలు కొత్త పాలనను మనస్ఫూర్తిగా అంగీకరించారన్న రుజువు ఎక్కడుందని ప్రభుత్వాన్ని అడిగాయి. ఆ ఏడాదే ఎన్నికలు జరిగాయి. 2006 డిసెంబరులో అదే సైన్యాధిపతి మళ్లీ అధికారం పట్టిన మాట నిజమే. తీర్పులకు కూడా ఒక హద్దు ఉంది. అయినా భుజాన ఉన్న కండువా తప్ప మరేమీ మిగలని రైతు పెట్టిన దరఖాస్తు, ఒక సైన్యాధిపతి ప్రకటనను కాగితం ముక్కగా తేల్చిందన్న సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ధైర్యం ఇస్తుంది.

ప్రశ్న: నేను ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేశాను. మన సైన్యం ఎప్పుడూ గీత దాటలేదని గర్వంగా చెప్పుకుంటాం. అది మన క్రమశిక్షణ వల్లనేనా, మరేదైనా కారణం ఉందా?
– మాజీ సుబేదార్, బోయిన్‌పల్లి

జవాబు: సుబేదార్ గారూ, మీ గర్వంలో న్యాయం ఉంది. కాని పాకిస్తాన్ సైన్యానికి కూడా క్రమశిక్షణ తక్కువేమీ కాదు. 1947 ఆగస్టు వరకు రెండూ ఒకే సైన్యం. ఒకే అకాడమీలో చదివి, ఒకే మెస్‌లో తిన్న అధికారులు. తేడా బ్యారక్‌ల బయట ఉంది.

ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనాన్ని మీరు చూసే ఉంటారు. అది బ్రిటిష్ సర్వసేనాని కోసం కట్టిన ఇల్లు. వైస్రాయ్ తర్వాత దేశంలో రెండో స్థానం సర్వసేనానిది. ఆయనకు వైస్రాయ్ కార్యవర్గంలో కూడా చోటు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇంట్లోకి ప్రధానమంత్రి నెహ్రూ మారారు. ఇల్లు మారడం చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, ఇక నుంచి ఎవరు పైనో, ఎవరు కిందో అందరికీ కంటికి కనిపించేలా చెప్పిన పని అది. త్రివిధ దళాలకు ముగ్గురు వేర్వేరు అధిపతులను పెట్టారు. 1955లో పార్లమెంటు చట్టం చేసి సర్వసేనాని అనే పదవీనామాన్నే తీసేసింది. సైన్యంలో భిన్న ప్రాంతాలవారి చేరిక పెరిగింది. పాకిస్తాన్ సైన్యమేమో అధికభాగం పంజాబు, సరిహద్దు రాష్ట్రాల నుంచే కూడుకున్నది; జనాభాలో సగానికి పైగా ఉన్న బెంగాలీలు అందులో నామమాత్రం. అన్నిటికంటే ముఖ్యంగా, 1950లోనే మనకు రాజ్యాంగం అమలులోకి వచ్చింది, 1951-52లో ఎన్నికలు జరిగాయి, పల్లె పల్లెలో మనుషులున్న పార్టీ ఉంది. ఖాళీ కుర్చీ కనిపిస్తేనే కదా ఎవరైనా కూర్చోవాలనుకునేది.

మన నగరానికి దీనితో ఒక ప్రత్యేకమైన సంబంధం ఉంది. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసి, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయారు. ఆ చౌదరే హైదరాబాదు రాష్ట్రానికి మిలటరీ గవర్నరు అయ్యారు. ఆ రోజుల్లో ముస్లిం కుటుంబాలపై జరిగిన హింసను గాని, తర్వాత తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటాన్ని అణచడానికి సైన్యం చేసిన పనులను గాని దాచి మాట్లాడితే అది చరిత్ర అనిపించుకోదు. అయితే అదే చరిత్రలో మరో సంగతి కూడా ఉంది. ఒక జనరల్ చేతికి ఒక పెద్ద రాష్ట్రం మొత్తం వచ్చింది. 1949 డిసెంబరు వరకు పాలించి, ఆదేశం రాగానే అప్పగించి వెళ్లిపోయారు. 1950 జనవరి 26 నుంచి సివిల్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్నారు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు వచ్చారు. అధికారం చౌదరికి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడివారు వెనక్కి అడగగలిగారు, ఆయన ఇవ్వగలిగారు. తర్వాత ఆయన దేశ సైన్యాధిపతి అయ్యారు. 1964లో నెహ్రూ అంత్యక్రియల రోజు జనాన్ని అదుపు చేయడానికి ఢిల్లీకి అదనపు దళాలు రప్పించినందుకు ప్రభుత్వ వర్గాల్లో అనుమానాలు రేగి, సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ అనుమానం ఆయనకు అన్యాయమే కావచ్చు. కాని అడగవలసినవారు అడిగారు, చెప్పవలసినవారు చెప్పారు.

ప్రశ్న: 1975 ఎమర్జెన్సీని కూడా తిరుగుబాటు అనవచ్చా?
– పాఠకుడు, తార్నాక

జవాబు: సైనిక తిరుగుబాటు అనకూడదు. అది ఎన్నికైన ప్రభుత్వమే రాజ్యాంగంలోని 352వ అధికరణాన్ని వాడి ప్రజల హక్కులను అణచిన సందర్భం. సైన్యం అందులో పాలుపంచుకోలేదు. 1977 మార్చిలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం ఓడింది, దిగిపోయింది. తర్వాత 44వ సవరణతో "అంతరంగిక కల్లోలం" అన్న మాట తీసి "సాయుధ తిరుగుబాటు" అని మార్చారు. మళ్లీ సులభంగా జరగకుండా గడియ బిగించుకున్నాం.

ప్రశ్న: నియంతను దించడానికి సైన్యం పూనుకుంటే అది మంచి తిరుగుబాటు కాదా?
– ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: అలాంటివి ఉన్నాయి. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో యువ సైనికాధికారులు దాదాపు అర్ధ శతాబ్దపు నియంతృత్వాన్ని కూల్చితే, జనం వారి తుపాకీ గొట్టాల్లో ఎర్రని కార్నేషన్ పూలు పెట్టారు. సరిగ్గా ఏడాదికి రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. పోర్చుగల్ మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

కాని మీ ప్రశ్నకు మాలి దేశం చెప్పే జవాబు వేరు. 1991 మార్చిలో మూసా త్రావోరే నిరంకుశ ప్రభుత్వం జనంపై కాల్పులు జరిపినప్పుడు, లెఫ్టినెంట్ కల్నల్ అమదూ తుమానీ తూరే ఆయనను నిర్బంధించి, మరుసటి ఏడాది ఎన్నికలు జరిపించి, గెలిచినవారికి అధికారం అప్పగించి ఇంటికి వెళ్లిపోయారు. ఆఫ్రికా అంతా ఆయనను మెచ్చుకుంది. 2002లో ప్రజలు ఆయననే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పదవీకాలం ఇంకా ముగియకుండానే, 2012 మార్చిలో ఒక కెప్టెన్ ఆయనను కూలదోశాడు. 2020 ఆగస్టులో మరో తిరుగుబాటు, 2021 మేలో ఇంకొకటి. తూరే ఉద్దేశం మంచిదే, ప్రవర్తన మచ్చలేనిది. అయినా ప్రభుత్వం బాగా లేదనిపిస్తే సైన్యం దించవచ్చు అన్న దారి ఒకసారి పడ్డాక, బాగా లేదో కాదో తేల్చేది ప్రతి తరంలోని ప్రతి కెప్టెనూ అయ్యాడు.

ప్రశ్న: రాజకీయాల సంగతి సరే. మామూలు కుటుంబాలకు తిరుగుబాటు అంటే ఏమవుతుంది?
– గృహిణి, సఫిల్‌గూడ

జవాబు: మా అమ్మమ్మ చెల్లెలు రంగూన్‌లో కాపురం చేసి తిరిగివచ్చిన మనిషి. ఉత్తర కోస్తా నుంచి, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా ఎందరో తెలుగువారు పనికోసం రంగూన్ ఓడ ఎక్కారు. 1962 మార్చి 2న బర్మాలో (నేటి మయన్మార్‌లో) జనరల్ నే విన్ అధికారం పట్టాక కొట్లు, వ్యాపారాలు జాతీయం అయ్యాయి. 1964 మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు వెనక ఉన్న కథ అదే. ఆమె ఆకువక్కల పెట్టె అడుగున నాలుగు మడతల యాభై క్యాట్ల నోటు ఒకటి ఉండేది. పిల్లలం అడిగితే విప్పి చూపించి, ఇది మీ తాతగారి నెల బియ్యం అని చెప్పి, మళ్లీ అదే మడతలు పెట్టి లోపల ఉంచేది. ఆ నోటు మీద చెయ్యి వేయనిచ్చేది కాదు.

ఆ దేశంలో మిగిలినవారి గతి అంతకన్నా మెరుగు కాలేదు. 1987 సెప్టెంబరులో అదే ప్రభుత్వం ఇరవై అయిదు, ముప్పై అయిదు, డెబ్బై అయిదు క్యాట్ల నోట్లను మార్పిడి లేకుండా రద్దుచేసి, తొమ్మిదితో భాగింపబడే నలభై అయిదు, తొంభై క్యాట్ల నోట్లు అచ్చువేసింది. అడిగేవాడు లేని అధికారం ఒక ఇంటి పొదుపును ఒక్క ప్రకటనతో ఎలా మాయం చేస్తుందో దీనికంటే స్పష్టంగా నేను చెప్పలేను. 1988లో జనం తిరగబడ్డారు, వేల మంది చనిపోయారు, సెప్టెంబరులో సైన్యం మళ్లీ పగ్గాలు పట్టింది. 2008 రాజ్యాంగంలో పార్లమెంటు స్థానాల్లో పాతిక శాతం తనకే ఉంచుకుంది. అదీ చాలక, 2020 నవంబరు ఎన్నికల్లో తన పక్షం ఘోరంగా ఓడాక, 2021 ఫిబ్రవరి 1న అంతా రద్దుచేసింది. ఆ ఉదయం రాజధాని నేపిడాలో ఒక వ్యాయామ శిక్షకురాలు రోడ్డు మీద తన రోజువారీ నృత్యాన్ని కెమెరాలో తీసుకుంటుంటే, ఆమె వెనక నుంచి నల్లని వాహనాల వరుస పార్లమెంటు వైపు వెళ్లింది. ఆమెకు తెలియదు. మీ ప్రశ్నకు ఆ వీడియో ఒక జవాబు. ఆనాటి నుంచి ఆ దేశంలో అంతర్యుద్ధం నడుస్తూనే ఉంది.

ప్రశ్న: ఈ ఊబిలో దిగిన దేశం బయటపడటం సాధ్యమేనా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: సాధ్యమే, కాని ఆలస్యంగా. కోస్టారికా 1948 డిసెంబరులో సైన్యాన్నే రద్దు చేసుకుంది. ఆ దారి అందరికీ కుదరదు. అర్జెంటీనా 1985లో తన పాత సైనిక పాలకులను సివిల్ న్యాయస్థానం బోనులో నిలబెట్టింది. ఘనాలో 1966 నుంచి 1981 వరకు ఒకదాని వెంట ఒకటిగా తిరుగుబాట్లు జరిగినా, 1992 రాజ్యాంగం తర్వాత ప్రభుత్వాలు బ్యాలెట్ పెట్టె ద్వారానే మారుతున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దక్షిణ కొరియా. అక్కడ 1961 మేలో ఒక తిరుగుబాటు, 1979 డిసెంబరులో మరొకటి జరిగాయి. 1980 మేలో గ్వాంగ్జు నగరంలో సైన్యం సొంత ప్రజలనే కాల్చింది. దానికి కారకుడైన చున్ డూ హ్వాన్‌కు 1996లో కోర్టు శిక్ష వేసింది. మరుసటి ఏడాది చివర క్షమాభిక్ష ఇచ్చి వదిలేశారు గాని, ఆ తీర్పు రికార్డులో ఉంది. బడిపిల్లలు గ్వాంగ్జు గురించి చదువుకుంటూ పెరిగారు. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ హఠాత్తుగా మార్షల్ లా ప్రకటించినప్పుడు, జాతీయ అసెంబ్లీ ఆవరణలో హెలికాప్టర్లు దిగాయి. గేట్ల దగ్గర పోలీసులు అడ్డుపడితే సభ్యులు గోడలు దూకారు. అరవై ఏడేళ్ల స్పీకర్ ఇనుప కంచె ఎక్కి లోపలికి వెళ్లారు. సిబ్బంది కుర్చీలు, బల్లలు తలుపులకు అడ్డంపెట్టి సైనికులను నిలవరించారు. బయట గుమిగూడిన జనంలో గ్వాంగ్జు రోజులను చూసిన పెద్దవారు కూడా ఉన్నారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు, మార్షల్ లా ఎత్తివేయాలన్న తీర్మానానికి సభలో ఉన్న 190 మందీ ఓటువేశారు. సైనికులు వచ్చిన దారినే వెనక్కి నడిచారు. తెల్లవారుజామున నాలుగున్నరకు అధ్యక్షుడు తన ప్రకటనను వెనక్కి తీసుకున్నారు.